అప్‌డేట్: ఆ సెక్యూరిటీ మెయిల్ అసలుదే

"మీ ఖాతాలోకి కొత్త డివైస్ నుంచి ఎవరో లాగిన్ అయ్యారు" అని వచ్చిన మెయిల్ నిజమా, ఫిషింగా (పాస్‌వర్డ్ కాజేయడానికి పంపే నకిలీ మెయిలా) అని ఇంతకుముందు అడిగాను కదా. నిజమైనదే.

మీలో చాలామంది చెప్పినట్టు మెయిల్‌లోని బటన్ జోలికి పోకుండా, బ్రౌజర్‌లో అడ్రస్ నేనే టైప్ చేసి ఖాతా తెరిచాను. సెక్యూరిటీ పేజీలో అదే లాగిన్, అదే సమయంతో కనిపించింది. ఆ డివైస్ నాది కాదు. వెంటనే దాన్ని సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకున్నాను. పాస్‌కీ అసలు సైట్ డొమైన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో పనిచేయదు. రికవరీ ఫోన్ నంబర్, మెయిల్ ఫార్వర్డింగ్ కూడా చూశాను, ఎవరూ మార్చలేదు.

పంపినవారి అడ్రస్, డీకిమ్ సంతకం (మెయిల్ ఫలానా డొమైన్ పేరుతోనే వచ్చిందని, మధ్యలో మారలేదని చూపే డిజిటల్ ముద్ర) చూస్తే చాలన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించను. 2025 ఏప్రిల్‌లో బయటపడిన ఒక మోసంలో గూగుల్ నుంచి వచ్చిన అసలు హెచ్చరిక మెయిల్‌నే దొంగలు వేరేవాళ్లకు తిరిగి పంపారు. సంతకం చెక్కుచెదరలేదు, పరీక్ష పాసైంది. లింక్ మాత్రం గూగుల్ సైట్స్‌లో ఎవరైనా కట్టుకోగల పేజీకి వెళ్లేది. అంత పకడ్బందీగా వస్తే అడ్రస్ చూసి ఏం లాభం?

మరో సంగతి. నిన్న ఇలాంటిదే ఇంకో మెయిల్ వచ్చింది, "24 గంటల్లో ఖాతా మూసేస్తాం" అంటూ. సెక్యూరిటీ పేజీలో దాని ఊసే లేదు. ఫిషింగ్ అని రిపోర్ట్ కొట్టేశాను. ఈసారి టెన్షన్ పడలేదు.