ఆరేళ్లుగా అదే వాక్యం రాసుకుంటున్నా. మనిషి మారడం ఇంత నెమ్మదిగా ఎందుకు?

నోరు పెగలనోడు (శనివారం రాత్రి 9:40)

నాకు 34 ఏళ్లు. మాదాపూర్‌లో ఓ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. మీటింగ్‌లో నోరు పెగలదు, అదీ నా గోల. నేను చేసిన పనే, నాకు బాగా తెలిసిన విషయమే, కానీ పదిమంది కనబడితే గొంతు ఆరిపోతుంది. పక్కవాడు నా మాటనే తన మాటగా చెప్పి మార్కులు కొట్టేస్తాడు.

2018లో ఓ నోట్‌బుక్ కొని "ఈ ఏడాది ఈ భయం పోవాలి" అని రాసుకున్నా. అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో ఓ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకి నలభై రోజులు వెళ్లా. అద్దం ముందు నిలబెట్టి "నేను సింహాన్ని" అనిపించారు. ఆ సింహం మియాపూర్ మెట్రోలో కడ్డీ పట్టుకుని నోరు మూసుకుని ఇంటికొచ్చేది.

మొన్న ఇల్లు మారుతుంటే ఆ నోట్‌బుక్ దొరికింది. 2018లో రాసిన వాక్యమే 2024 జనవరిలోనూ ఉంది, పొల్లు పోకుండా. పెన్ను రంగు మాత్రం మారింది.

ఎదగడానికి ఇంత కాలం ఎందుకు పడుతుంది? అసలు మనిషిని మార్చేదేంటి: పట్టుదలా, చుట్టూ ఉన్నవాళ్లా, గట్టి దెబ్బ ఏదైనా తగలాలా? ఓదార్పు వద్దు, వాదించండి.

కేబీఆర్ ఐదున్నర (9:58)

బ్రదర్, ఉన్నమాట చెప్తా, ఏమనుకోకు. నేను 96 కిలోలు ఉండేవాణ్ణి. ఇప్పుడు 74. రోజూ పొద్దున ఐదున్నరకి కేబీఆర్ పార్కు గేటు దగ్గర ఉంటా, వాన పడినా సరే. 21 రోజులు వరసగా చేస్తే ఏదైనా అలవాటైపోతుంది. నువ్వు దేన్నీ 21 రోజులు వదలకుండా పట్టుకోలేదు, అంతే కథ. బద్ధకానికి పెట్టుకున్న ముద్దుపేరే "నెమ్మది".

తార్నాక పంతులమ్మ (10:20)

ఐదున్నర గారూ, మీ 22 కిలోలకు దండం. ఆ 21 లెక్కకు మాత్రం పెట్టలేను.

అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ అయ్యాక తమ కొత్త మొహానికి అలవాటు పడడానికి రోగులకు "కనీసం" 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారే కొద్దీ ఆ "కనీసం" రాలిపోయింది, మొహం కాస్తా "ఏ అలవాటైనా" అయిపోయింది. 2009లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. అందరూ చిన్న పనులే ఎంచుకున్నారు, భోజనంతో పాటు గ్లాసు నీళ్లు తాగడం లాంటివి. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు. ఒకరికి 18 చాలు, ఇంకొకరికి లెక్క కడితే 254. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట, అది చదివి నేనైతే ఊపిరి పీల్చుకున్నా.

గ్లాసు నీళ్లకే ఇంత. ఈ అబ్బాయి అడిగేది భయం గురించి.

బోడుప్పల్ కిరాణం (10:51)

తమ్మీ, నేనైతే ఒక్క రాత్రిల మారిన. 2016ల మా నాయిన పోయిండు. అప్పటిదాంక చక్కెర బస్తా ఎంతకొస్తదో గూడ నాకు తెల్వకుండె. దినాలు అయినంక షట్టర్ లేపింది నేనే. బేగంబజార్ల సేట్లతోని బేరం, ఉద్దెర ఖాతాలు, తాగొచ్చి లొల్లి పెట్టెటోళ్లు, అన్నీ నా నెత్తినే. నీ లెక్కనే నాకు గూడ నోరు లేకుండె. నెత్తి మీద పడ్డంక అదే ఒచ్చింది. నీకింక దెబ్బ తాకలే, గంతే.

తార్నాక పంతులమ్మ (11:05)

అన్నా, నాన్నగారి విషయం చదివి బాధేసింది. ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. ఒక్క రాత్రిలో మీ మీద పడింది బాధ్యత. మరి బేరం ఎన్నాళ్లకు వచ్చింది?

బోడుప్పల్ కిరాణం (11:19)

అక్కా, నిజం చెప్పాల్నా? మొదటి ఏడాది మస్తు లాస్ అయిన. ఒకడు పురుగు వట్టిన కందిపప్పు అంటగట్టిండు. మొత్తం పారబోసినం. రెండేండ్లు పట్టిందనుకో.

ఇంకోటి గూడ జెప్త, ఇది ఎవ్వరికీ జెప్పలే. మా తమ్మునికి గూడ అదే నాయిన పోయిండు. వాడు ఆ దెబ్బకు రెండేండ్లు ఇంట్ల నుంచి బయటికి రాలే. దెబ్బ ఒక్కటే, వాడట్ల అయిండు, నేనిట్ల అయిన. ఎందుకో నాకు గూడ తెల్వదు.

షటిల్ సార్ (ఆదివారం ఉదయం 7:32)

రాత్రే చదివా, ఉదయం బ్యాచ్ అయ్యాక రాస్తున్నా. సైనిక్‌పురి వైపు పద్నాలుగేళ్లుగా పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పిస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

అపార్టుమెంట్ పార్కింగుల్లో ఆడి వచ్చే పిల్లలు దాదాపు అందరూ రాకెట్‌ని అట్లపెనం పట్టుకున్నట్టు పట్టుకుంటారు. పాన్‌హ్యాండిల్ గ్రిప్ అంటాం. ఆ పట్టుతో నెట్ దగ్గర టపటపా కొట్టొచ్చు, కాలనీలో అందర్నీ ఓడించొచ్చు. వెనక నుంచి స్మాష్ కొట్టాలంటే ముంజేయి తిరగదు, షటిల్‌లో బరువుండదు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలి. చూపించడానికి నాకు రెండు నిమిషాలు చాలు. వాడికి అర్థం కావడానికి ఇంకో రెండు. చేతికి రావడానికి నెలలు.

ఆ నెలల్లోనే ఉంది మీ ప్రశ్నకు జవాబు. నిన్నటిదాకా తను ఓడించిన పిల్లాడి చేతిలో ఇవాళ ఓడిపోతాడు. షటిల్ ఫ్రేముకి తగిలి పక్క కోర్టులో పడుతుంది, అక్కడివాళ్లు నవ్వుతారు. వీడు బెంచీ మీద కూర్చున్న అమ్మ మొహం వైపు చూస్తాడు. ర్యాలీ వేడెక్కితే చెయ్యి తనంతట తనే పాత పట్టుకి జారిపోతుంది, జారిన సంగతి వాడికి తెలియను కూడా తెలియదు. మానేసే పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. వాళ్లు బద్ధకస్తులని నేను ఒప్పుకోను. నాకంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. "సార్, నా పాత ఆటే బాగుంది" అంటారు. ఆ పూటకి అది నిజమే!

కొత్తది రావాలంటే ముందు ఉన్న ఆట చెడాలి. అదీ నలుగురి ముందు. ఆ చెడిన రోజుల్ని దాటలేకే పాతదానికి పోతాం, మళ్లీ జనవరిలో మొదలెడతాం. నీ నోట్‌బుక్‌లో ఆరేళ్లు అదే వాక్యం ఉండడం నాకు వింతగా అనిపించలేదు.

మరి దాటినవాళ్లు ఎలా దాటారు అంటే, నేను చేసేది చెప్తా. పట్టు మారుస్తున్న పిల్లాణ్ణి మ్యాచ్ ఆడనివ్వను. స్కోరు బోర్డు దగ్గరికే పోనివ్వను. చివరి కోర్టులో నిలబెట్టి ఒకదాని వెనక ఒకటి షటిల్స్ వేస్తా. పట్టు జారిన ప్రతిసారీ "చెయ్యి" అంటా. అంతే. తిట్టు లేదు, పొగడ్త లేదు. ఒక్క పూటలో ఆ మాట వందసార్లు దాటుతుంది. కొన్ని వారాలకి నేను అనకముందే వాడి పెదవులు కదులుతుంటాయి. ఆ రోజు నుంచి వాడికి నాతో అవసరం తగ్గుతుంది.

సింధు 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జపాన్ అమ్మాయి ఒకుహారాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయిన రోజు ఊరంతా చూసింది. అంతకుముందు అదే టోర్నీలో 2013, 2014లో కాంస్యాలు, 2017, 2018లో రజతాలు. 2017 ఫైనల్లో అదే ఒకుహారా చేతిలో 110 నిమిషాలు ఆడి ఓడింది. మొదటి పతకానికీ ఆ స్వర్ణానికీ మధ్య ఆరేళ్లు. నీవీ ఆరేళ్లే. తేడా ఎక్కడంటే, ఆమె ప్రతి ఓటమి తర్వాత ఎక్కడ జారిందో చెప్పే మనిషి పక్కనే ఉన్నాడు. నీకెవరున్నారు?

డేటా బాబాయ్ (8:15)

సార్, రాసింది బాగుంది. కానీ ఆటల నుంచి ఆఫీసుకి అంత తేలిగ్గా దూకకండి. 2014లో బ్రూక్ మెక్‌నమారా, మరో ఇద్దరు 88 పరిశోధనలు కలిపి చూశారు. నైపుణ్యంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సాధన వల్ల వచ్చేది చదరంగం లాంటి క్రీడల్లో 26 శాతం, సంగీతంలో 21, మైదానపు ఆటల్లో 18. చదువులో 4. ఉద్యోగాల్లో 1 శాతం కన్నా తక్కువ! అంటే మన ఆఫీసుల్లో సాధన చేసినవాడికీ చేయనివాడికీ పెద్ద తేడా తేలలేదు. మరి మీ "చెయ్యి" మంత్రం అక్కడేం చేస్తుంది?

షటిల్ సార్ (8:40)

బాబాయ్, మీ అంకెలతో నాకు తగువు లేదు. అయితే ఆఫీసులో సాధన అని దేన్ని లెక్కేశారు? పనిచేసిన గంటల్నా? అలాగైతే పార్కింగులో పదేళ్లు పెనంపట్టుతో ఆడినవాడూ సాధన చేసినట్టే.

డేటా బాబాయ్ (8:52)

గంటలు ఒక్కటే కాదు లెండి, శిక్షణ కూడా ఉంది. కానీ ఏం జరుగుతుందో ముందే ఊహించగలిగే పనుల్లో సాధన ఎక్కువ ఫలించిందన్నది వాళ్లే చెప్పారు. ఆ మేరకు మీ మాట నిలబడుతుంది. మీటింగ్‌లో మేనేజర్ ఎప్పుడు ఏమంటాడో ఆ దేవుడికే తెలియాలి.

ఉప్పల్ టు గచ్చిబౌలి (9:30)

అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నట్టున్నారు, పంతులమ్మ గారు తప్ప. నా లెక్క కూడా వినండి. ఉప్పల్ నుంచి మెట్రోలో రాయదుర్గం, అక్కణ్ణుంచి షేర్ ఆటో. పోను రాను దాదాపు మూడు గంటలు. ఇంటికొచ్చాక కుక్కర్, హోంవర్కు, అత్తయ్యగారి మందులు. ఐదున్నర గారికి పార్కు గేటు దగ్గర నిలబడే తీరిక ఎవరిచ్చారో, ఆ సమయంలో వాళ్లింట్లో టిఫిన్ ఎవరు చేస్తున్నారో కూడా చెప్తే బాగుండేది.

ఇక మా తమ్ముడు. అశోక్‌నగర్ రూములో ఉంటూ చిక్కడపల్లి లైబ్రరీలో చదివాడు. 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, మళ్లీ రద్దు. 2024 జూన్‌లో మూడోసారి రాశాడు. వాడి పట్టుదలకి ఎన్ని మార్కులు వేస్తారు?

షటిల్ సార్ చెప్పింది నాకు నచ్చింది, అందుకే కోపమూ వచ్చింది. స్కోరు లెక్కపెట్టని చివరి కోర్టు ఎంతమందికి దొరుకుతుంది సార్? మాది కాంట్రాక్టు ఉద్యోగం. మూడు నెలలు పని చెడితే నాలుగో నెల నేనుండను. తప్పు చెప్పే మనిషా? అప్రైజల్ ఏడాదికోసారి. పోయిన వేసవిలో జారిన పట్టు గురించి ఈ వేసవిలో చెప్తారు.

కేబీఆర్ ఐదున్నర (9:47)

మేడమ్, టిఫిన్ మా ఆవిడే. ఆ మాట ఒప్పుకుంటా. పట్టుదల లేకుండా ఏదీ జరగదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

షటిల్ సార్ (10:10)

ఉప్పల్ అమ్మా, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మా దగ్గరికి వచ్చేది ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలే. బయట గ్రిల్లు పట్టుకుని చూసే పిల్లల్లో ఎంత మంచి చేతులున్నాయో నాకు తెలుసు.

నోరు పెగలనోడు (గురువారం రాత్రి 10:30)

నాలుగు రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. "నీకెవరున్నారు" అన్న మాట దగ్గర ఆగిపోయా. ఆరేళ్లలో నా సమస్య ఎవరికీ చెప్పలేదు. నోట్‌బుక్‌కి చెప్పా, అద్దానికి చెప్పా. రెండూ తిరిగి "చెయ్యి" అనవు. పైగా నేను ఎప్పుడూ దిగింది పన్నెండుమంది ఉన్న మ్యాచుల్లోకే.

బుధవారం మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి విషయం చెప్పి, నేను నీళ్లు నమిలినప్పుడల్లా చాట్‌లో ఒక చుక్క పెట్టమన్నా. మొదట నవ్వింది, తర్వాత సరే సార్ అంది. నలుగురున్న కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడా. తొమ్మిది చుక్కలు. చివర్లో గొంతు వణికి మధ్యలోనే వేరేవాళ్లకి అప్పగించేశా. ఉప్పల్ మేడమ్ అన్నదీ నిజమే, నేను లీడ్‌ని కాబట్టి అలా అడగగలిగా. ఆ అమ్మాయి నన్ను అడగగలిగేది కాదు.

కేబీఆర్ ఐదున్నర (10:34)

శభాష్. ఇక 21 రోజులు వదలకు.

తార్నాక పంతులమ్మ (10:36)

66.

బోడుప్పల్ కిరాణం (10:52)

తమ్మీ, చివరి కోర్టు కావాల్నంటే మా దుకాణంకు రా. ఐతారం పొద్దుగాల మస్తు గిరాకి ఉంటది. కౌంటర్ల నిలవడు. పాలు, గుడ్లు, చక్కెర రేట్లు జోరుగ జెప్పుడే పని. తప్పు జెప్తే ముసలమ్మలే సరిజేస్తరు, నీకు మార్కులెయ్యరు. మా తమ్ముడు గూడ ఈ నడుమ గల్ల మీద కూసుంటుండు.

నోరు పెగలనోడు (10:58)

ఎన్నింటికి రావాలన్నా?

బోడుప్పల్ కిరాణం (11:01)

ఆరింటికి షట్టర్ లేపుత. పాల ప్యాకెట్లు అంతకన్న ముందే ఒస్తయ్.