ఎలక్షన్ పిటిషన్‌ను కాపీల దగ్గరే కొట్టేయడం న్యాయమేనా?

జగిత్యాల ఓటరు:
మా ధర్మపురి సంగతి గుర్తుందా? 2018 అసెంబ్లీ ఎన్నికల్లో 441 ఓట్ల తేడా. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ ఆ ఫలితం చెల్లదంటూ హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు చెప్పిందని స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులు లేవు! అప్పటికి మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. దానికి తోడు ఎక్కడ పిటిషన్ పడ్డా ‘కాపీ మీద సంతకం లేదు, కొట్టేయండి’ అనే గోల. ఓట్ల లెక్క అడిగితే కాగితాల లెక్క తీస్తారేంది?

హన్మకొండ జూనియర్ వకీల్:
అన్నా, తాళంచెవులనూ కాపీలనూ ఒకే గాటన కట్టకండి. తాళంచెవులు పోతే అది అధికారుల నిర్లక్ష్యం. కాపీలు, గడువు సంగతి వేరు, అవి చట్టంలోనే ఉన్నాయి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ ప్రకారం 81 (గడువు, కాపీలు), 82 (ఎవర్ని ప్రతివాదులుగా చేర్చాలి), 117 (డిపాజిట్) సెక్షన్లు పాటించని పిటిషన్‌ను హైకోర్టు కొట్టేయాల్సిందే. ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. ఒక్కరోజు దాటినా ఆలస్యాన్ని మన్నించే వీలు లేదని 1973లో లలిత్ నారాయణ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డిపాజిట్ 2,000 రూపాయలు, అది ఎవరైనా కడతారు.

కాపీల విషయంలో మాత్రం కోర్టులు మీరనుకున్నంత మొండిగా లేవు. ప్రతివాదులు ఎందరుంటే అన్ని ప్రతులు ఇవ్వాలి, ప్రతిదాన్నీ నిజప్రతి అని పిటిషనరే సంతకంతో ధ్రువీకరించాలి. 1964లో మన హైదరాబాద్ ఎన్నికల ట్రిబ్యునల్ నుంచే వెళ్లిన సుబ్బారావు కేసులో, సంతకాలున్నాయి గానీ ‘నిజప్రతి’ అన్న మాట లేదు. అయినా సుప్రీంకోర్టు సరిపోతుందంది.

కాజీపేట రిటైర్డ్ ఉద్యోగి:
తమ్ముడూ, అసలు ముంచేది 82. ఓట్లకు డబ్బు పంచడంలాంటి అవినీతి ఆరోపణ ఏ అభ్యర్థి మీద చేస్తే అతన్ని ప్రతివాదిగా చేర్చాలి. నామినేషన్ వాపస్ తీసుకున్నవాడైనా సరే. ఆ ఒక్క పేరు మరిచిపోతే పిటిషన్ పోయినట్టే, తర్వాత చేరుస్తామన్నా ఒప్పుకోరు. పల్లెలో ఓడిపోయిన అభ్యర్థికి ఇవన్నీ ఎవరు చెప్తారు?

హన్మకొండ జూనియర్ వకీల్:
నిజమే సార్, గట్టి దెబ్బే. కానీ అవినీతి రుజువైతే ఆ మనిషిని ఆరేళ్ల దాకా పోటీకి అనర్హుణ్ని చేయొచ్చు. తన మాట వినకుండా అంత శిక్ష ఎట్లా వేస్తారు? ఇక పిటిషన్‌లో ఏమేం రాయాలో చెప్పేది 83వ సెక్షన్. దాని లోపాలకు కొట్టేయాలని 86లో లేదు. అవినీతి ఆరోపణలకు తోడుగా ఇచ్చే ఫారం 25 అఫిడవిట్‌లో లోపముంటే సరిదిద్దుకోనివ్వాలని 2013లో సిద్ధేశ్వర్ కేసులో చెప్పారు. కానీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా అన్నది లేకుండా ‘డబ్బులు పంచారు’ అని ఒక్క ముక్క రాస్తే మాత్రం నిలవదు. 1986 అజర్ హుస్సేన్ కేసు అదే.

జగిత్యాల ఓటరు:
సరే, రూల్ ఉండనీ. ఆ అభ్యంతరం మీద తీర్పుకే ఏళ్లు పడితే ఎట్లా? విచారణ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని అదే 86లో ఉందంటారు కదా.

హన్మకొండ జూనియర్ వకీల్:
అక్కడ నేను మీ వైపే. ఇవాళ కాపీల మీద ఓ దరఖాస్తు, దాని మీద సుప్రీంకోర్టు, తిరిగొచ్చాక అఫిడవిట్ మీద ఇంకోటి. గెలిచినాయనకు కావాల్సిందీ అదే, ఈలోగా పదవీకాలం గడిచిపోతుంది. అభ్యంతరాలన్నీ మొదటి జవాబులోనే, ఒక్కసారే చెప్పాలి, అప్పుడు చెప్పనిది తర్వాత వినకూడదు. 81, 82, 117 మాత్రం ముట్టుకోవద్దు.

కాజీపేట రిటైర్డ్ ఉద్యోగి:
82ను కొంచెం ముట్టుకోవాలి తమ్ముడూ. మరిచిపోయిన పేరు చేర్చడానికి పదిహేను రోజులిస్తే కొంపలేం మునగవు.