పురీషనాళ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ అందరికీ అవసరమా?

ప్రశ్న:
మా మేనమామగారికి పెద్దపేగు చివర, పురీషనాళంలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ పేగు గోడను దాటింది గాని వేరే అవయవాలకు పాకలేదు. ఆపరేషన్‌కు ముందు ఐదున్నర వారాల రేడియేషన్ తప్పదని ఒక వైద్యులు, కీమో చాలని మరొకరు అంటున్నారు. ‘కరెంటు పెట్టించాలి’ అన్న మాటకే ఇంటిల్లిపాదీ బెదిరిపోయి ఉన్నాం. ఎవరి మాట సబబు?

జవాబు 1:
రెండో వైద్యుల మాటకు గట్టి ఆధారమే ఉంది. 2023లో ఫలితాలు వెలువడిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో 1,128 మందికి చికిత్స చేశారు. ఒక వర్గానికి కీమోతో కూడిన రేడియేషన్ ఇచ్చారు. రెండో వర్గానికి ఫోల్‌ఫాక్స్ అనే కొన్ని మందుల కలయిక కీమో ఇచ్చి, గడ్డ తగినంత తగ్గనివారికే రేడియేషన్ జోడించారు. ఐదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 78.6 శాతం, రెండో వర్గంలో 80.8 శాతం. కటిభాగంపై పడే కిరణాలు మలవిసర్జనపై అదుపును, లైంగిక సామర్థ్యాన్ని దెబ్బతీయగలవు. వయసులో ఉన్న స్త్రీలలో అండాశయాల పని ఆగిపోతుంది. లాభం లేనిచోట ఇంత కష్టం కొనితెచ్చుకోవడం దేనికి?

జవాబు 2:
ఆ అధ్యయనంలో ఎవరిని చేర్చుకున్నారో కూడా చెప్పాలి. మలద్వార కండరాన్ని కాపాడుతూ ఆపరేషన్ చేయగలిగినవారినే తీసుకున్నారు, టి4 దశకు, అంటే గడ్డ పేగు బయటి పొరనో పక్క అవయవాలనో చేరిన దశకు వచ్చినవారిని తీసుకోలేదు. 1997 నాటి స్వీడన్ అధ్యయనంలో ఆపరేషన్‌కు ముందు ఒక్క వారంలో 25 గ్రే (కిరణాల మోతాదుకు కొలమానం) రేడియేషన్ ఇవ్వగా, వ్యాధి అదే చోట తిరగబెట్టడం 27 నుంచి 11 శాతానికి తగ్గింది. అప్పటి శస్త్రచికిత్స ఇప్పటిలాంటిది కాదన్నది నిజమే. పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కుచెదరకుండా తీసే పద్ధతిని బ్రిటన్‌కు చెందిన బిల్ హీల్డ్ ప్రచారంలోకి తెచ్చాక, 2001లో వెలువడిన డచ్ అధ్యయనంలో, రెండేళ్లకు అది ఆపరేషన్ మాత్రమే చేసినవారిలో 8.2, రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో 2.4 శాతానికి దిగింది. ప్రాణాలతో ఉన్నవారి సంఖ్యలో తేడా కనిపించలేదు. ఇంతవరకు మొదటి జవాబు ఇచ్చినవారితో నాకు పేచీ లేదు.

అయితే గడ్డ మలద్వారానికి బాగా దగ్గరగా ఉంటే లెక్క మారుతుంది, ఎందుకంటే అక్కడ ఆపరేషన్ అంటే చాలామందికి జీవితాంతం పొట్టపై సంచి. రేడియేషన్, కీమోలతో గడ్డ పూర్తిగా కరిగిపోయినవారిని కోయకుండా, తరచూ పరీక్షిస్తూ ఉంచవచ్చని బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబర్-గామా 2004లో చూపారు. 2022లో వెలువడిన ఓప్రా అధ్యయనంలోనూ, రెండు చికిత్సలూ తీసుకున్నవారిలో దాదాపు సగం మందికి మూడేళ్ల తర్వాత పురీషనాళం నిలిచింది. కీమో ఒక్కటే చాలనే వాదం ఈ రోగులకు ఇంకా నిలబడలేదని నా అభిప్రాయం. ఎంఆర్ఐలో గడ్డ ఎంత ఎత్తులో ఉందన్నారు? కొవ్వు పొర అంచును తాకుతోందా?

ప్రశ్న అడిగినవారు:
మలద్వారం నుంచి నాలుగు సెంటీమీటర్లు అని ఉంది. అంచు సంగతి రాయలేదు, రేపు అడుగుతాను. కీమో చాలన్న వైద్యులకు మేము చూపించినవి కొలనోస్కోపీ, సీటీ కాగితాలే. ఎంఆర్ఐ అప్పటికి తీయలేదు.