ముద్దాయి అంటే ఫిర్యాదు చేసినవాడా, బోనులో నిలబడ్డవాడా?

తెనాలి పిల్ల:
మా బాబాయికి చెక్ బౌన్స్ కేసులో సమన్లు వచ్చాయి. కాగితం మీద ఆయన పేరు పక్కన ‘ముద్దాయి’ అని ఉంది. అది చూసి మా పిన్ని పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. ‘విచారణే మొదలు కాలేదు, అప్పుడే ముద్దాయిని చేసేశారు’ అని ఒకటే గొడవ. నిజంగానే ఆ మాటకు ‘నేరం చేసినవాడు’ అని అర్థముందా? పేపర్లలో నిందితుడు అంటారు, టీవీలో ఒక్కోసారి దోషి అనేస్తారు. మూడింటికీ తేడా ఎవరైనా చెబుతారా?

బెంచి గుమాస్తా (రిటైర్డ్):
అమ్మా, ముందు పిన్నిగారిని భోంచేయమనండి. కేసు ఎవరి మీద ఉందో వాళ్లు ముద్దాయి, అంతకుమించి ఏమీ లేదు. సివిల్ కేసులో వాది, ప్రతివాది ఉన్నట్టే క్రిమినల్ కేసులో ఫిర్యాది, ముద్దాయి ఉంటారు. కేసు నంబరు పడ్డ రోజు నుంచి తీర్పు చదివే క్షణం దాకా ఆ పేరే నడుస్తుంది. తీర్పు చివర కూడా ‘ముద్దాయి నేరం చేసినట్టు రుజువు కానందున’ అనే రాసేవాళ్లం. నిర్దోషి అని వదిలేసే వాక్యంలో కూడా ఆయన ముద్దాయే! దోషి అనే మాట మాత్రం తీర్పులో నేరం రుజువైందన్న తర్వాతే వాడాలి. టీవీవాళ్లు అంతదాకా ఆగరు, అది వేరే బాధ.

ఇక కేసు సంగతి. చెక్ బౌన్స్ అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్. గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 147వ సెక్షన్ కింద రాజీ పడొచ్చు. మా కోర్టులో ఈ కేసులు చాలావరకు అలాగే ముగిసేవి. కానీ సమన్లు వచ్చాక వాయిదాకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే వారెంటు వస్తుంది. ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) దాకా వెళ్తే అప్పుడు నిజంగానే టెన్షన్.

పాతబస్తీ వాలా:
ఇందులో ఒక తమాషా ఉంది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే ఫిర్యాదు చేసినవాడు! దావా అనే మాట నుంచే వచ్చింది, దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద దావా పడిందో అతను ‘ముద్దాఅలైహ్’. క్రిమినల్ కేసులో నిందితుణ్ణి ‘ముల్జిమ్’ అంటాం, నేరం రుజువైతే ‘ముజ్రిమ్’. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని సామెత కూడా ఉంది. ఫిర్యాదుదారు నిద్రపోతుంటే సాక్షి హుషారుగా ఉన్నాడని దాని అర్థం. సొంతదారుకు లేని ఆత్రం పక్కవాడికి ఉన్నప్పుడు వాడతాం. కాలేజీలో తెలుగు స్నేహితుడు ‘ముద్దాయికి ఉరి వేయాలి’ అన్నప్పుడు, ఫిర్యాదు చేసిన పాపానికి ఉరేంటని నవ్వుకున్నాను.

తెనాలి పిల్ల:
అదేంటి! మనం పూర్తిగా తలకిందులు చేసేశామా?

బెంచి గుమాస్తా:
తలకిందులు చేశామని అనను. నా ఊహ ఏమిటంటే, మనవాళ్ల నోట్లో అరిగిపోయి మిగిలింది ‘ముద్దాఅలైహ్’. చివర ఉన్న గొంతు శబ్దాలు మనకు పలకవు, ముద్దాయి దగ్గర ఆగిపోయాం. మద్రాసులో 1862లో హైకోర్టు వచ్చేదాకా సదర్ అదాలత్, ఫౌజ్‌దారీ అదాలత్ అనే పేర్లతోనే కోర్టులు నడిచాయి. ఇటు నిజాం రాజ్యంలో కోర్టు వ్యవహారమంతా ఉర్దూలోనే. రెండు వైపుల నుంచీ ఈ మాటలు వచ్చిపడ్డాయి. ఫిర్యాది అనే మాట అప్పటికే ఉంది కాబట్టి ‘ముద్దయీ’తో మనకు పని పడలేదు, ఆ చోట ఎదుటివాడు వచ్చి కూర్చున్నాడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు. మనకు ఖూనీ అంటే హత్య, హంతకుడు కావాలంటే ‘ఖూనీకోరు’ అని ఇంకో తోక తగిలించాం. జామీను కూడా అంతే. వాళ్లకు జామిన్ అంటే పూచీ పడే మనిషి. మనకు ఆ పూచీయే జామీను, మనిషి జామీనుదారు.

పాతబస్తీ వాలా:
ఖూనీకోరు! ఈ మాట ఇవాళే విన్నాను. భేష్.

అచ్చతెలుగు అభిమాని:
ఈ అరువు మాటలతో ఎందుకీ తిప్పలు? నిందితుడు అని చక్కగా రాయొచ్చు కదా.

వరంగల్ లాయర్:
నిందితుడు సంస్కృతమండీ, అచ్చతెలుగు కాదు. పైగా ‘నింద’ అనగానే తెలుగువాడి చెవికి మచ్చ అంటుకున్నట్టే వినిపిస్తుంది. ముద్దాయి అలా కాదు, పొడి మాట. కోర్టుకు కావాల్సింది అదే. సినిమాల్లో పళ్లు కొరుకుతూ ‘ముద్దాయీ!’ అని అరిపించి దానికి లేని బరువు తగిలించారు. నా ఓటు ముద్దాయికే.

నాకు ఇంతకన్నా చిరాకు తెప్పించేది అభియోగం. ‘పోలీసులు అభియోగాలు మోపారు’ అని రోజూ పేపర్లో చదువుతాం. ఎఫ్ఐఆర్‌లో ఉండేది ఆరోపణ. దర్యాప్తు అయ్యాక పోలీసులు వేసేది చార్జిషీటు, అంటే మా దగ్గర ఆధారాలున్నాయని వాళ్లు చెప్పుకోవడం. ఆ కాగితాలు చూసి, ఇరుపక్షాలూ చెప్పింది విని, విచారణ జరపదగ్గ కేసే అనుకుంటే అభియోగం రాసేది జడ్జి. దాన్ని ముద్దాయికి చదివి, వివరించి, ‘నేరం ఒప్పుకుంటున్నావా, విచారణ కోరుకుంటున్నావా’ అని అడుగుతారు. అసలు అభియోగం రాయకముందే కేసు నిలబడదనుకుంటే డిశ్చార్జి. విచారణంతా జరిగి రుజువు కాకపోతే నిర్దోషిగా విడుదల. పేపర్లో రెంటికీ ‘కేసు కొట్టివేత’ అనే హెడ్డింగు పెట్టేస్తారు.

తెనాలి పిల్ల గారూ, మీ బాబాయిగారి కేసులో అసలు అభియోగమే రాయరు. చెక్ బౌన్స్‌ది సమన్స్ కేసు విచారణ పద్ధతి. ఆరోపణ సారాంశం చెప్పి, ఒప్పుకుంటారా లేదా అని అడుగుతారు, అంతే. ఆయన ‘ఒప్పుకోను’ అంటే, చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు ఆదేశించే వీలుంది. 2018 సవరణలో వచ్చిన 143ఏ సెక్షన్ అది. కాబట్టి ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో లాయర్‌తో ముందే మాట్లాడుకుని వెళ్లండి.

లాయర్‌ను పెట్టుకునేటప్పుడు వకాల్తా మీద సంతకం చేసే ముందే ఫీజు తేల్చుకోండి. కేసు మొత్తానికా, వాయిదాకింతా? వాయిదాలకు ఆయన వస్తారా, జూనియర్‌ను పంపుతారా? ‘గెలిస్తేనే ఫీజు ఇవ్వండి’ అన్నారంటే జాగ్రత్త పడండి, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. మధ్యలో లాయర్‌ను మార్చాలంటే మామూలుగా పాతాయన నుంచి ‘అభ్యంతరం లేదు’ అని రాయించుకోవాలి. అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. చెట్టు కింద ప్లీడరు అని వెక్కిరిస్తాం గానీ, పిలిస్తే పలికే మామూలు ప్లీడరు ఎప్పుడూ ఊళ్లో ఉండని పెద్ద పేరు కన్నా నయం. ఫీజు కట్టుకోలేని వాళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు, అది న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు.

గోదారి గట్టు:
వాడు పెద్ద ఫోర్ ట్వంటీ గాడు అని తిట్టడం కూడా మానేయాలేమో. 2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, మోసానికి పాత 420 బదులు ఇప్పుడు 318లో నాలుగో ఉపవిభాగం. శిక్ష మాత్రం పాతదే, ఏడేళ్ల దాకా. హత్య 302 కాదు, 103. ‘త్రీ ఎయిటీన్ గాడు’ అంటే తిట్టినట్టు ఉంటుందా మీరే చెప్పండి!

వరంగల్ లాయర్:
తిట్టు మారదు లెండి. మేమే ఇంకా 302 అనేసి నాలుక కరుచుకుంటున్నాం.

డాలస్ బాబాయి:
మా వైపు సివిల్‌కైనా క్రిమినల్‌కైనా డిఫెండెంట్ ఒకటే మాట. ఇక్కడికి చదువుకోడానికి వచ్చే పిల్లల కోసం ఒక సంగతి చెబుతాను, కాస్త పక్కదారి అయినా. టెక్సస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు వస్తువు షాపులో ఎత్తేస్తే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో ఒక తరగతి), 180 రోజుల దాకా జైలు, 2000 డాలర్ల దాకా జరిమానా. ‘ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే అయిపోతుంది’ అని తోటి కుర్రాళ్లు సలహా ఇస్తారు. అక్కడే కొంప మునిగేది. ఒప్పుకుని, దోషి అనే తీర్పును వాయిదా వేయించుకుని, ప్రొబేషన్ పూర్తి చేస్తే టెక్సస్ కోర్టు దాన్ని నేరం రుజువైనట్టు లెక్కపెట్టకపోవచ్చు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం లెక్కపెడుతుంది. నేరం ఒప్పుకుంటే వీసా సంగతి ఏమవుతుందో క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా అడగండి.

గోదారి గట్టు:
శిక్షల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లే కదా?

బెంచి గుమాస్తా:
మాటలోనే జవాబుంది నాయనా. యావత్ జీవం, బతికున్నంత కాలం. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించాలన్నా కనీసం పద్నాలుగేళ్లు లోపల ఉండాలన్న నియమం ఉంది. అది విడుదల తేదీ కాదు. ‘పద్నాలుగేళ్లకు వచ్చేస్తాడు’ అని ఊళ్లో అందరూ తేల్చేశారు గానీ, వదలాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలో పని.

తెనాలి పిల్ల:
అందరికీ థాంక్స్. పిన్ని భోంచేసింది. బాబాయి గుంటూరులో లాయర్‌ను కలవబోతున్నారు. చివరగా ఒక్కటి: నిందితుడికి నిందితురాలు ఉన్నట్టు ఆడవాళ్లయితే ముద్దాయిరాలు అనాలా?

బెంచి గుమాస్తా:
అక్కర్లేదమ్మా. మగైనా ఆడైనా ముద్దాయే. ఎక్కువమంది ఉంటే 1వ ముద్దాయి, 2వ ముద్దాయి. మా సర్వీసులో ముద్దాయిరాలు అని రాయడం నేను చూడలేదు.