ఇనుపతెర "వ్రాలినది"యా, "వ్రేలినది"యా?

గుంటూరు నుంచి:
నాన్నగారి పుస్తకాలు సర్దుతుంటే 1963 నాటి బీఏ చరిత్ర నోట్సు దొరికింది. అందులో ఒక వాక్యం నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో బ్రిటన్ మాజీ ప్రధాని చర్చిల్, సోవియట్ పట్టులోకి వెళ్ళిన తూర్పు యూరప్ గురించి అన్న మాటకు తెలుగు అది. "బాల్టికు మీది స్టెట్టిన్ మొదలు ఆడ్రియాటికు మీది ట్రియెస్ట్ వరకు ఖండమునకు అడ్డముగా ఇనుపతెర..." ఆ తర్వాత క్రియ. వకారం, కింద క్రారవడి, చివర "లినది" స్పష్టంగా ఉన్నాయి. వ తలకట్టు దగ్గర మాత్రం చెమ్మ తగిలి నీలం సిరా అలుక్కుపోయింది. దీర్ఘమో ఏత్వమో తేలడం లేదు. నాన్నగారు పాఠానికి వెళ్ళే ముందు ఈ నోట్సు పైకి చదువుకునేవారు. నా చెవిలో "వ్రాలినది" అనే ఉంది. అన్నయ్యేమో "వ్రేలినది" అంటాడు. ఈ అనువాదం ఎవరికైనా ఎక్కడైనా తగిలిందా?

తెనాలి మాస్టారు:
వ్రాలినదేనమ్మా, సందేహం లేదు. చర్చిల్ వాడిన మాట "డిసెండెడ్". పైనుంచి కిందికి రావడం అది. పొద్దు వాలుతుంది, రెప్ప వాలుతుంది, పిట్ట కొమ్మ మీద వాలుతుంది. వ్రేలడం అంటే అప్పటికే ఉన్న స్థితి. ఆయన చెబుతున్నది కళ్ళముందు జరిగిన పని.

వరంగల్ నుంచి:
మాస్టారూ, పిట్ట వాలుతది, రెప్ప వాలుతది, నిజమే. ఇనుము వాలుతదా? వాలడంలో ఒక మెత్తదనం ఉన్నది. వార్సా, బుడాపెస్ట్, ప్రాగ్, సోఫియా అన్నీ ఆ తెర వెనక చిక్కినయని ఊళ్ళ పేర్లు వరుసపెట్టి చెప్పిన మనిషి రెప్పను తలచుకున్నడా? తెరను మనం వేలాడదీస్తం. నేను వ్రేలినది అనే చదువుత.

హైదరాబాదు నుంచి:
ఇద్దరూ అసలు చిక్కును దాటిపోతున్నారు. తెలుగులో తెర లేస్తే కథ మొదలు, తెర పడితే కథ అయిపోయినట్టు. "వివాదానికి తెర పడింది" అని రోజూ రాస్తూనే ఉన్నారు. "ఇనుపతెర పడింది" అని రాస్తే సగంమంది దాని పీడ విరగడైందనుకుంటారు. "దిగింది" అన్నా అంతే. చర్చిల్ వాక్యంలో తెర దిగడంతోనే అసలు కథ మొదలవుతోంది! పాఠం చెప్పినాయనకు ఈ సంగతి తెలుసు. అందుకే పడు, దిగు రెండూ వదిలేసి వ్రాలు దగ్గరికి వెళ్ళారు. అది ముగింపు వాసన తగలని క్రియ.

తెనాలి మాస్టారు:
చాలా బాగా పట్టుకున్నారు. ఇంకో మాట. మన తెర పైనుంచి దిగే తెరే కాదు. కూచిపూడిలో ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని నిలబడతారు, సత్యభామ దాని మీదుగా జడ వేస్తుంది. అది పాత్రను తీసుకొచ్చే తెర. తోలుబొమ్మలాటలో అయితే అసలు చూసేదే తెరను. మా ఊళ్ళో చిన్నప్పుడు పందిరి గుంజలకు తెల్ల పంచె బిగించి కట్టేవారు, వెనక ఆముదం దీపం. ఆ గుడ్డ మీద రావణుడి పది తలలూ వణుకుతుంటే మేం కదలకుండా కూర్చునేవాళ్ళం. దాచే తెర అనే ఊహ మనకు కొత్త.

బెర్లిన్ నుంచి:
ఇక్కడి తెర సంగతి చెబుతాను, క్రియ తేలడానికి పనికొస్తుందేమో. పెద్ద నాటకశాలల్లో వేదికకూ జనానికీ మధ్య పైనుంచి దిగే లోహపు తెర ఉంటుంది. వేదిక మీద నిప్పంటుకుంటే మంట, పొగ జనం మీదికి రాకుండా దాన్ని దించుతారు. దాని పేరు "ఐజర్నర్ ఫోర్‌హాంగ్", అంటే ఇనుపతెర. యూరప్‌ను రెండుగా కోసినదాన్నీ ఇక్కడ ఆ మాటతోనే పిలుస్తారు. కాబట్టి అది దిగే వస్తువే, వ్రేలే వస్తువు కాదు.

పోలిక చర్చిల్ సొత్తూ కాదు. 1918లోనే రోజనోవ్ అనే రష్యన్ రచయిత రష్యా చరిత్ర మీద ఇనుపతెర కిర్రుమంటూ దిగుతోందని, ఆట అయిపోయిందని రాశాడు. హైదరాబాదు వారు చెప్పిన "తెర పడింది" అర్థం అచ్చంగా అదే. 1945 ఫిబ్రవరిలో నాజీ ప్రచారమంత్రి గోబెల్స్ ఇదే మాట వాడాడు. ఆ మే 12న చర్చిల్ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు పంపిన తంతిలోనూ ఉంది. ఫుల్టన్ నాటికి అది నలిగిన మాటే.

నేను రోజూ బెర్నావర్ వీధి మీదుగా ఆఫీసుకు వెళ్తాను. అప్పట్లో అక్కడ ఒక వరస ఇళ్ళు తూర్పు బెర్లిన్‌వి, వాటి గుమ్మం ముందున్న కాలిబాట పడమటి బెర్లిన్‌ది. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ మొదలయ్యాక ఆ కిటికీల్లోంచి జనం పడమటికి దూకారు. చివరికి కిటికీలకు ఇటుకలు పేర్చి మూసేశారు. ఆ చోట నిలబడి నాకు "వాలింది" అనడానికి నోరు రాదు.

వరంగల్ నుంచి:
తమ్ముడూ, నువ్వు నా దిక్కే మాట్లాడుతున్నవు.

బెర్లిన్ నుంచి:
లేదక్కా, క్రియలో మాస్టారి వైపే. మనసులో మీ వైపు.

బళ్ళారి నుంచి:
తెర కన్నా పెద్ద తప్పు ఒకటి అందరం మోస్తున్నాం. "కోల్డ్ వార్"కు మనం పెట్టుకున్న "ప్రచ్ఛన్న యుద్ధం". (చకారానికి ఛవత్తు. "ప్రచ్చన్న" అని రాసేవారు పాణిని "ఛే చ" సూత్రం చూసుకోవాలి.) ప్రచ్ఛన్నమంటే కప్పినది, దాగినది. 1948 జూన్ నుంచి 1949 మే దాకా పడమటి బెర్లిన్‌కు సోవియట్లు దారులు మూసేస్తే 2 లక్షల 70 వేలకు పైగా విమానయాత్రలతో తిండీ బొగ్గూ చేరవేశారు. 1956 నవంబరులో బుడాపెస్ట్ వీధుల్లోకి, 1968 ఆగస్టులో ప్రాగ్‌లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఏది దాగింది ఇందులో? "శీతల యుద్ధం" అంటే సరిపోయేది.

తెనాలి మాస్టారు:
ఆ మాటను తీసేయకండి, బంగారం లాంటి మాట. తిక్కన విరాటపర్వం తలచుకోండి. నర్తనశాలలో చీకట్లో పడుకున్నది భీముడు, చచ్చింది కీచకుడు. తెల్లారాక ద్రౌపది ఏమంది? గంధర్వులైన నా భర్తలు చంపారంది. చెయ్యి ఒకరిది, పేరు ఇంకొకరిది. రెండు అగ్రరాజ్యాలు యూరప్ గడ్డ మీద ఒకదానితో ఒకటి నేరుగా తలపడకుండా నలభై ఏళ్ళు గడిపిన తీరుకు ఇంతకన్నా సరైన పోలిక నాకు దొరకలేదు. ఆ మాట పుట్టించినవారెవరో గాని, విరాటపర్వం చదువుకున్నవారే అయ్యుంటారు. తిక్కన కీచకుణ్ణి చీకట్లోకి నడిపించే తీరు చూడండి. వాడి తొందర, భీముడి మౌనం...

బళ్ళారి నుంచి:
మాస్టారూ, కీచకుడికి భీముడు కనపడలేదు. స్టాలిన్‌కు ట్రూమన్ బాగానే కనపడ్డాడు. ఫుల్టన్ ప్రసంగమైన పది రోజుల్లోపే స్టాలిన్ సోవియట్ పత్రిక ప్రావ్దాలో చర్చిల్‌ను హిట్లర్‌తో పోల్చి జవాబిచ్చాడు.

హైదరాబాదు నుంచి:
కాలం ఎంత తొందరగా తిరగబడిందో! రెండో యుద్ధకాలంలో శ్రీశ్రీ "గర్జించు రష్యా" అంటే తెలుగుదేశం వెంట గర్జించింది. అదే రష్యా ముందు ఐదేళ్ళకల్లా ఇనుపతెర. ఆ గీతం చదివి పెరిగిన మేష్టారికి ఈ వాక్యం రాయించేటప్పుడు గొంతు ఎలా ఉండేదో.

విజయనగరం నుంచి:
ఆలస్యంగా వచ్చాను. మూడో పాఠం మీరెవరూ చూడలేదు: "వ్రీలినది". గుండెలు వ్రీలడం అంటాం కదా, పగలడం, చీలడం. గుడిదీర్ఘం కూడా వ తల మీదే ఉంటుంది.

తెనాలి మాస్టారు:
అర్థం కుదరదండీ. 1963లో తెర ఎక్కడ చీలింది? హంగరీ ముళ్ళతీగలు తీయడం మొదలుపెట్టింది 1989 మే నెలలో. సోప్రోన్ దగ్గర సరిహద్దులో హంగరీ విదేశాంగ మంత్రి హోర్న్, ఆస్ట్రియా విదేశాంగ మంత్రి మోక్ చేతుల్లో కత్తెరలతో ఫొటో దిగింది జూన్ 27న.

గుంటూరు నుంచి:
మాస్టారూ, మీరిది రాశాక పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వాక్యమంతా నీలం సిరా. ఆ వ తల మీద మరక అడుగున ఉన్న గీత మాత్రం నలుపు. నాన్నగారు 1992 దాకా ఇదే నోట్సుతో పాఠం చెప్పారు. ఆ నల్ల గీత పైకి వంకర తిరిగి ఉంది, ఎంత దూరం తిరిగిందో మరక కింద తెలీడం లేదు. అన్నయ్యకు ఫోన్ చేశాను. నాన్నగారి దగ్గర నల్ల సిరా పెన్ను ఎప్పటినుంచి ఉందో వాడికీ గుర్తు లేదు.

విజయనగరం నుంచి:
అమ్మా, అదే పేజీలో ఆయన "వీ" అనో "రీ" అనో రాసిన మాట ఏదైనా ఉందా? ఉంటే ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి.

వరంగల్ నుంచి:
"వే" కూడా పెట్టు చెల్లీ.