పాత కంప్యూటర్ పోయింది, బ్యాకప్ డిస్క్ ఉంది, దాంట్లో ఫైల్స్ కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?

మల్లెతీగ:
అందరికీ నమస్తే. నా పాత డెస్క్‌టాప్ ఆన్ అవ్వడం మానేసింది, చూపిస్తే మదర్‌బోర్డ్ పోయింది, బాగుచేయించే ఖర్చుకి కొత్తది తీసుకోడమే మేలన్నారు, సరే అని విండోస్ 11 ల్యాప్‌టాప్ తీసుకున్నా. పాతదాంట్లో విండోస్ 10 ఉండేది. అన్నయ్య ఎప్పుడో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి వారానికోసారి దానంతటదే బ్యాకప్ అయ్యేట్టు సెట్ చేసిచ్చాడు. ఆ డిస్క్ ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోటోలు, డాక్యుమెంట్లు మామూలు ఫోల్డర్లలా కనిపిస్తాయనుకున్నా. కానీ పాత కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో 'బ్యాకప్ సెట్' అని పక్కన తేదీలున్న ఫోల్డర్లు, వాటిలో 'బ్యాకప్ ఫైల్స్ 1', 'బ్యాకప్ ఫైల్స్ 2' అంటూ లెక్కలేనన్ని జిప్‌లు ఉన్నాయి. ఒకటి తెరిస్తే కొన్ని ఫోటోలు కనిపించాయి, మిగతావి ఎందులో ఉన్నాయో తెలీట్లేదు. ఇంకోటి 'విండోస్‌ఇమేజ్‌బ్యాకప్' అని ఉంది, నొక్కితే పర్మిషన్ లేదంటోంది. మా అమ్మ ఫోటోలు, ఆవిడ మాట్లాడిన వాయిస్ రికార్డింగులు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి, అమ్మ ఇప్పుడు లేదు, అందుకే ఏది నొక్కాలన్నా భయంగా ఉంది. ఈ జిప్‌లన్నీ ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోవాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

పాతకీబోర్డ్:
మల్లెతీగ గారూ, కంగారు పడకండి, మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాకప్ చక్కగానే ఉన్నట్టుంది. ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాత కంప్యూటర్ పోయింది కాబట్టి ఆ ఫైల్స్‌కి ప్రస్తుతం ఉన్నది ఈ ఒక్క డిస్కే. దాంట్లోంచి ఏదీ కట్ చెయ్యకండి, కాపీ మాత్రమే. ఏదీ డిలీట్ చెయ్యొద్దు, ఫార్మాట్ చెయ్యాలా అని విండోస్ అడిగినా ఒప్పుకోవద్దు, కొత్త ల్యాప్‌టాప్ బ్యాకప్‌ని దీని మీదకి అసలు పెట్టొద్దు. ఇంకో డిస్క్ అరువుకైనా దొరికితే కంప్యూటర్ పేరున్న ఆ ఫోల్డర్‌ని మొత్తం దాని మీదకి ఒక కాపీ వేసుకుని అప్పుడు మిగతా పని మొదలుపెట్టండి, ఇది మాత్రం బద్ధకించొద్దండీ.

ఇక జిప్‌ల సంగతి. అవి చేత్తో విప్పక్కర్లేదు, విప్పకూడదు కూడా. అది విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ పద్ధతి, విండోస్ 10, 11లో కూడా అలాగే ఉంచారు. మొదటిసారి మొత్తం బ్యాకప్ తీస్తుంది, ఆ తర్వాత మారిన ఫైల్స్, కొత్తగా వచ్చిన ఫైల్స్ మాత్రమే కలుపుకుంటూ పోతుంది, అన్నిటినీ సుమారు 200 ఎంబీ జిప్‌లుగా కోసి పెడుతుంది. పెద్ద వీడియో అయితే ముక్కలై రెండు మూడు జిప్‌లలో పడొచ్చు. మీరు విప్పుకుంటూ పోతే ఒకే ఫైల్ పాతదీ కొత్తదీ కలిసిపోతాయి, ముక్కలైనవి అసలు తెరుచుకోవు. ఏది ఎక్కడుందో రాసిపెట్టుకున్న కేటలాగ్ ఆ ఫోల్డర్లోనే ఉంటుంది, దాన్ని చదివి సరిగ్గా పేర్చే పని విండోస్‌దే.

కంట్రోల్ ప్యానెల్ తెరిచి 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' లోకి వెళ్ళండి, పేరులో 7 ఉందని ఆగిపోకండి, మీ 11లోనూ అదే. కింద 'సెలెక్ట్ అనదర్ బ్యాకప్ టు రీస్టోర్ ఫైల్స్ ఫ్రమ్' అని ఉంటుంది, అది నొక్కితే డిస్క్‌లో ఉన్న పాత బ్యాకప్ చూపిస్తుంది. అది ఎంచుకుని 'బ్రౌజ్ ఫర్ ఫోల్డర్స్' ద్వారా కావాల్సినవి కలపండి. ఎక్కడ పెట్టాలి అని అడిగినప్పుడు అసలు చోటికే అని ఇవ్వకండి, ఇస్తే పాత యూజర్ పేరుతో ఎక్కడో పడేస్తుంది. 'ఇన్ ద ఫాలోయింగ్ లొకేషన్' పెట్టి, సీ డ్రైవ్‌లో 'పాతవి' అని ఒక ఫోల్డర్ చేసి అది చూపించండి, సబ్‌ఫోల్డర్స్ అలాగే ఉంచాలా అనే దాని పక్కన టిక్ పెట్టండి. తర్వాత తీరిగ్గా సర్దుకోవచ్చు.

స్క్రూడ్రైవర్:
పైన చెప్పింది కరెక్టే, నేను ఇంకోటి కలుపుతా. మదర్‌బోర్డ్ పోతే డిస్క్ పోయినట్టు కాదండీ! పాత డెస్క్‌టాప్‌ని స్క్రాప్‌కి ఇచ్చేయకండి, లోపలున్న డిస్క్ బతికే ఉండొచ్చు, చివరి బ్యాకప్ తర్వాత చేసిన పనంతా దాంట్లోనే ఉంటుంది. దాన్ని విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. డెస్క్‌టాప్ కాబట్టి బహుశా 3.5 అంగుళాల పెద్ద డిస్క్ అయ్యుంటుంది, దానికి యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు సరిపోదు, 12 వోల్టులు కావాలి, అందుకని విడిగా పవర్ ప్లగ్ ఉన్న అడాప్టరే తీసుకోండి. 2.5 అంగుళాలదైతే మామూలు కేబుల్ చాలు. చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉన్న ఎమ్.2 అయితే అది ఎన్‌వీఎంఈ రకమా సాటా రకమా చూసుకుని దానికి తగ్గ కేస్ కొనాలి, ఒకదాని కేస్ రెండోదానికి పనిచెయ్యకపోవచ్చు.

పెట్టాక బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) కీ అడిగితే అది 48 అంకెలుంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడేవాళ్ళైతే చాలావరకు ఆ అకౌంట్‌లోనే సేవ్ అయ్యి ఉంటుంది. డిస్క్ టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే తీసెయ్యండి, మళ్ళీ మళ్ళీ పెట్టి చూడొద్దు, అది డేటా రికవరీ వాళ్ళు చూడాల్సిన పని.

మల్లెతీగ:
పాతకీబోర్డ్ గారూ చాలా చాలా థ్యాంక్స్, ఫోటోలు, డాక్యుమెంట్లు అన్నీ వచ్చేశాయి, ఫోల్డర్లు కూడా పాతదాంట్లో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ గారూ, లోపలి డిస్క్ బయటికి తీయించి పెట్టి చూశా, ఏమీ కనిపించలేదు, చప్పుడు కూడా తేడాగా ఉంది, మీరన్నట్టు పక్కన పెట్టేశా. కానీ వాయిస్ రికార్డింగులు రాలేదండీ. ఫోన్ నుంచి దించినప్పుడు వాటిని సీ డ్రైవ్‌లోనే నేరుగా 'అమ్మ' అని ఫోల్డర్ చేసి పెట్టాను. రీస్టోర్ లిస్ట్‌లో ఆ ఫోల్డర్ లేదు, వెతికినా రావట్లేదు. అంటే బ్యాకప్ కాలేదనా?

ఎర్రమందారం:
మల్లెతీగ గారూ, ఆశ వదులుకోకండి. బ్యాకప్ సెట్ చేసేటప్పుడు 'విండోసే ఎంచుకుంటుంది' అనే ఆప్షన్ పెడితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తీసుకుంటుంది, సీ డ్రైవ్‌లో మనం విడిగా చేసుకున్న ఫోల్డర్ని పట్టించుకోదు. కానీ అదే ఆప్షన్‌లో దానితోపాటు సిస్టమ్ ఇమేజ్ కూడా తీస్తుంది, మీకు పర్మిషన్ లేదంటున్న ఆ రెండో ఫోల్డర్ అదే. ఇమేజ్ అంటే ఆ రోజున సీ డ్రైవ్ ఎలా ఉందో అలాగే మొత్తం, దాంట్లో మీ 'అమ్మ' ఫోల్డర్ కూడా ఉండాలి.

ఒకటి జాగ్రత్త. ఎవరైనా ఆ ఇమేజ్‌ని కొత్త ల్యాప్‌టాప్ మీదకి రీస్టోర్ చేసెయ్యమంటారు, వద్దు. అలా చేస్తే కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, పైగా పాత హార్డ్‌వేర్ డ్రైవర్లతో అది సరిగ్గా బూట్ అవుతుందన్న గ్యారంటీ లేదు. మీక్కావాల్సింది ఇమేజ్‌ని తెరిచి లోపల్నుంచి ఫోల్డర్ తీసుకోడం, అంతే.

ఫోల్డర్ నొక్కినప్పుడు పర్మిషన్ లేదని చెప్పి కింద 'కంటిన్యూ' ఇస్తుంది కదా, అది నొక్కండి, అడ్మిన్ అకౌంట్ అయితే తెరుచుకుంటుంది. లోపలికి వెళ్తే వీహెచ్‌డీఎక్స్ ఫైల్స్ (ఒక్కోటీ ఒక డ్రైవ్ మొత్తాన్ని దాచుకున్న ఫైల్) ఉంటాయి, అన్నిట్లోకి బాగా పెద్దగా ఉన్నదే సీ డ్రైవ్. ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, 'యాక్షన్' మెనూలో 'అటాచ్ వీహెచ్‌డీ' నొక్కి ఆ పెద్ద ఫైల్ చూపించండి, 'రీడ్-ఓన్లీ' పక్కన టిక్ తప్పనిసరిగా పెట్టండి, అప్పుడు ఇమేజ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. కొత్త డ్రైవ్ లెటర్‌తో మీ పాత సీ డ్రైవ్ కనిపిస్తుంది. మీ ఫోల్డర్ యూజర్స్‌లో కాకుండా బయట ఉంది కాబట్టి మామూలుగానే తెరుచుకోవాలి, కాపీ చేసుకోండి.

ఒకవేళ పాత యూజర్ ఫోల్డర్లోంచి కూడా ఏమైనా కావాలంటే అక్కడ మళ్ళీ పర్మిషన్ అడ్డొస్తుంది. కొత్తదాంట్లో అదే యూజర్ పేరు పెట్టుకున్నా సరే, విండోస్ చూసేది పేరుని కాదు, లోపలున్న ఐడీని, అది ప్రతి ఇన్‌స్టాలేషన్‌కీ వేరే. రీడ్-ఓన్లీగా పెట్టాం కాబట్టి కంటిన్యూ నొక్కినా పర్మిషన్ మారదు. దానికి కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) వాడాలి, మొదట ఎక్కడ్నుంచి, తర్వాత ఎక్కడికి, ఆ తర్వాత స్లాష్ ఈ, స్లాష్ బీ, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. 'బీ' ఉంటే బ్యాకప్ మోడ్‌లో పర్మిషన్లు దాటి చదువుతుంది. 'ఎక్స్‌జే' లేకపోతే అప్లికేషన్ డేటా లాంటి దొంగ ఫోల్డర్లలో (ఫోల్డర్‌లా కనిపించినా వేరే చోటికి దారి చూపేవి) పడి తిరుగుతూనే ఉంటుంది. ఆర్, డబ్ల్యూ ఇవ్వకపోతే చదవలేని ఒక్కో ఫైల్‌ని 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మరీ ట్రై చేస్తుంది, డీఫాల్ట్ అలా పెట్టారు. స్లాష్ ఎమ్ఐఆర్ మాత్రం వాడొద్దు, గమ్యంలో అదనంగా ఉన్నవన్నీ చెరిపేస్తుంది.

చిన్నఅక్షరం:
మధ్యలో వస్తున్నా, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) గురించి ఎవరూ చెప్పలేదు. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళిపోయి ఉంటాయి. మీరు పాత ఫోటోలన్నీ పిక్చర్స్‌లో పేస్ట్ చేస్తే అవన్నీ అప్‌లోడ్ అవ్వడం మొదలవుతుంది, ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, అది నిండి ఇక మెసేజ్‌లే మెసేజ్‌లు. ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఫోల్డర్ బ్యాకప్ ఆపి, ఆ తర్వాత సర్దుకోండి.

బ్రౌజర్ సంగతి కూడా. క్రోమ్ పాస్‌వర్డ్‌ల ఫైల్ కాపీ చేసి తెచ్చుకున్నా తెరుచుకోదు, పాత విండోస్ యూజర్ తాళంతో ముడిపడి ఉంటుంది, సింక్ ఆన్‌లో ఉండుంటే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే అవే వస్తాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ అయితే యూజర్ ఫోల్డర్లోని యాప్‌డేటాలో ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకుంటే పాస్‌వర్డ్‌లు, మెయిల్స్ అన్నీ వచ్చేస్తాయి, యాప్‌డేటా కనపడాలంటే హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ జోలికి పోకండి, సాఫ్ట్‌వేర్ అలా కాపీ చేస్తే పనిచెయ్యదు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

మల్లెతీగ:
దొరికాయండీ! ఎర్రమందారం గారూ మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. అటాచ్ చెయ్యగానే పాత సీ డ్రైవ్ యథాతథంగా వచ్చింది, 'అమ్మ' ఫోల్డర్ అక్కడే ఉంది. ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన పెట్టి చూశా, ఫైల్స్ లెక్క, సైజు బైట్లతో సహా సరిపోయాయి. రెండు మూడు ప్లే చేసి విన్నా, బాగున్నాయి. ఆఖరిగా ఒక్కటి అడుగుతా, ఇప్పుడు ఈ బ్యాకప్ డిస్క్‌ని ఖాళీ చేసి కొత్త ల్యాప్‌టాప్ బ్యాకప్‌కి వాడుకోవచ్చా?

పాతకీబోర్డ్:
చాలా సంతోషం అండీ. డిస్క్ ఖాళీ చెయ్యడం మాత్రం ఇప్పుడే వద్దు, ఏదో ఒక ఫైల్ గుర్తొచ్చి మళ్ళీ ఆ ఇమేజ్ తెరవాల్సి రావచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'డిటాచ్ వీహెచ్‌డీ' ఇచ్చి (ఇది ఇమేజ్ ఫైల్‌ని చెరపదు) సేఫ్‌గా రిమూవ్ చేసి దాచండి. కొత్త బ్యాకప్‌కి వేరే డిస్క్ తీసుకోండి, సెట్ చేసేటప్పుడు 'లెట్ మీ చూజ్' పెట్టి, 'అమ్మ' ఫోల్డర్ పక్కన మీ చేత్తోనే టిక్ పెట్టండి. రికార్డింగులు సైజులో చిన్నవే కదా, వాటిని మీ అన్నయ్య కంప్యూటర్‌లో కూడా ఒక కాపీ పెట్టించండి.