ఎమ్మెస్‌కి (మామూలు స్టీలు) వాడే సీఓటూ గ్యాస్‌తోనే ఎస్సెస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) వెల్డింగ్ కొట్టొచ్చా?

గేటుపని:
250 ఆంప్స్ మిగ్ మెషిన్ (వైరే కరిగి అతికే వెల్డింగ్). గేట్లు, గ్రిల్స్ అన్నీ సీఓటూ మీదే, 0.8 ఎమ్మెమ్ వైరుతో. ఇప్పుడు ఎస్సెస్ 304 రెయిలింగ్ చెయ్యాలి, పైపు మందం 1.5 ఎమ్మెమ్. ఎస్సెస్‌కి వాడే 308ఎల్ వైరు తెస్తే సరిపోతుందా, గ్యాస్ కూడా మార్చాలా? ఏ గ్యాస్ అయినా గాలి తగలకుండా ఆపడానికేగా, మరి ఆర్గాన్‌కి అంత ధర దేనికి? ఇంకోటి, ఎమ్మెస్ మీద పిన్‌హోల్స్ (వెల్డ్‌లో సన్నని రంధ్రాలు) వస్తున్నాయి. గ్యాస్ నిమిషానికి 25 లీటర్లకి పెంచినా తగ్గట్లేదు.

ఆర్క్‌లైట్:
గాలిని ఆపడం సగం పనే అన్నా. ఆర్క్ ఎలా మండాలి, వైరు చివర బొట్టు ఎలా రాలాలి అనేది కూడా గ్యాసే తేలుస్తుంది.

ఆర్గాన్ దేనితోనూ కలవదు. సీఓటూ అలా కాదు. ఆర్క్ వేడికి కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్‌గా విడిపోయి, ప్లేటు దగ్గర మళ్ళీ కలుస్తూ ఆ వేడిని అక్కడే వదులుతుంది. అందుకే లోతుగా దిగుతుంది. విడిపోయిన ఆక్సిజన్‌ని పట్టుకోవడానికే ఎమ్మెస్‌కి వాడే ఈఆర్70ఎస్-6 వైరులో మాంగనీస్, సిలికాన్ వేస్తారు. బీడ్ (వెల్డింగ్ గీత) మీద కనిపించే గోధుమరంగు గాజు పెచ్చులు అవే. దీనికి చెల్లించే మూల్యం స్పాటర్, అంటే చుట్టూ చిందే లోహపు చుక్కలు. సన్నని తుంపరలా రాలే స్ప్రే ఆర్క్ కావాలంటే గ్యాస్‌లో 80 శాతం పైనే ఆర్గాన్ ఉండాలి, వట్టి సీఓటూతో ఎంత కరెంటు పెట్టినా రాదు.

ఎస్సెస్‌కి వట్టి సీఓటూ వద్దు. 308ఎల్‌లో ‘ఎల్’ అంటే కార్బన్ 0.03 శాతం దాటదని. సీఓటూ వాడితే ఆ కార్బన్‌ని మనమే మళ్ళీ ఎక్కించినట్టు. క్రోమియం దానితో కలిసిపోతే తుప్పుని ఆపే పొరకి మిగలదు, జాయింటుకి తుప్పు పడుతుంది. 98 ఆర్గాన్, 2 సీఓటూ మిక్స్ తీసుకోండి. సీఓటూ మీద నడిపిన వోల్టేజి కంటే ఒకటి రెండు వోల్టులు తగ్గించి మొదలెట్టండి. ఫ్లోమీటరు కూడా ఆ గ్యాస్‌కి గుర్తులు పెట్టిందే వాడాలి, లేకపోతే రీడింగు తప్పు చూపిస్తుంది.

పైపులైను:
1.5 ఎమ్మెమ్ పైపుకి, పైగా పాలిష్ పట్టే రెయిలింగ్‌కి నేనైతే టిగ్ (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో ఆర్క్ వేసే వెల్డింగ్) అంటాను. అందులో వట్టి ఆర్గానే. పొరపాటున మిక్స్ సిలిండర్ తగిలిస్తే టంగ్‌స్టన్ కాలిపోతుంది. నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు చాలు. ఆర్క్ ఆపాక ప్రతి 10 ఆంప్స్‌కి ఒక సెకను లెక్కన గ్యాస్ పోనివ్వండి, 80 ఆంప్స్ అయితే 8 సెకన్లు. ఈలోపు టార్చ్ కదిలిస్తే బీడ్ చివర నల్లబడుతుంది.

పాల పైపుల్లాంటి వాటికి లోపల కూడా ఆర్గాన్ నింపాలి, లేకపోతే రూట్ (జాయింటు అడుగు) వెనక మాడిన పంచదారలా గరుకు కడుతుంది. ఆర్గాన్ గాలి కన్నా బరువు కనుక కింద నుంచి ఎక్కించి పైన రంధ్రం వదలాలి. ట్యాంకులోనో గుంతలోనో పని చేస్తుంటే ఇదే గ్యాస్ అడుగున చేరి ఊపిరాడనివ్వదు, వాసన కూడా రాదు. రెయిలింగ్‌కి లోపల నింపే పని లేదు.

హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ చవగ్గా దొరికిందని ఎమ్మెస్‌కి వాడొద్దు, పగుళ్ళొస్తాయి.

ఆర్క్‌లైట్:
పిన్‌హోల్స్ సంగతి. గ్యాస్ పెంచడమే అక్కడ తప్పు కావచ్చు. చిన్న నాజిల్‌లోంచి 25 లీటర్లు తోస్తే సుడి తిరిగి పక్క గాలిని లోపలికి లాగుతుంది. 12–15కి దించండి. తర్వాత నాజిల్ విప్పి స్పాటర్ గీకండి, డిఫ్యూజర్ (గ్యాస్‌ని నాజిల్‌లోకి పంచే భాగం) రంధ్రాలన్నీ తెరుచుకున్నాయో లేదో చూడండి. హోస్ జాయింట్లకి సబ్బునీళ్ళు రాయండి. ఫ్యాన్ గాలి అటు తగలనివ్వకండి. ఎక్కువసేపు వాడితే సీఓటూ రెగ్యులేటర్ మీద మంచు పట్టి ఫ్లో తగ్గుతుంది, హీటర్ పనిచేస్తోందో చూడండి.

సీఓటూ సిలిండర్‌లో ద్రవం ఉన్నంతసేపూ గేజ్ ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వెయ్యాల్సిందే.

గేటుపని:
98/2 సిలిండర్ తెస్తే ఎమ్మెస్ కూడా దానితోనే నడుస్తుందా?

పైపులైను:
అంటుకుంటుంది గానీ, మందం ప్లేట్ల మీద అంచులు సరిగ్గా కరగవు, ఖర్చూ దండగ. ఎమ్మెస్‌కి 80/20 (80 ఆర్గాన్, 20 సీఓటూ) గానీ మీ పాత సీఓటూ గానీ ఉంచుకోండి. 80/20ని మాత్రం ఎస్సెస్ మీదకి తేకండి.